శనివారపు సంతకాలు

పోయినవారం నళినిని మనం బెంగళూరు ఆసుపత్రి మూడో అంతస్తులో, ల్యాబు బయట బెంచీ మీద వదిలి వచ్చాం. ఆమె చేతిలో ఒక కాగితం ఉంది. అందులో ఒకదాని కింద ఒకటి రెండు వరసలు, వరసకు తొమ్మిది అంకెలు, బూజు జన్యువుల్లోని గుర్తులు. పై వరస ఆమె కూతురు మధుమిత కఫంలో దొరికిన బూజుది. కింది వరస బేరిగై ఊళ్లో మధుమిత తండ్రి మంజునాథ్ రోజా తోట వెనకాల ఎరువు దిబ్బలో దొరికిన బూజుది. తొమ్మిదికి తొమ్మిదీ ఒకటే.

మధుమితకు పదిహేనేళ్లు. పుట్టుకతోనే సిస్టిక్ ఫైబ్రోసిస్. ఊపిరితిత్తుల్లో కఫం జిగురులా పట్టుకుంటుంది. గాలిలో తేలే బూజు రేణువు ఏది లోపలికి పోయినా ఆ జిగురులో కాపురం పెడుతుంది. ఆ పిల్ల అన్న గోకుల్ ఇదే రోగంతో మూడేళ్లకే బేరిగై ఇంట్లో పోయాడు. అప్పటికి ఆ రోగం పేరు కూడా ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. ముద్దు పెట్టుకుంటే బిడ్డ నుదురు ఉప్పగా ఉంటుందని మాత్రం నళినికి తెలుసు. రెండేళ్ల కిందట, బేరిగై గాలి పాపకు పడదని పెద్ద డాక్టరు చెప్పారంటూ ఆమె కూతురితో హోసూరుకు వచ్చి అద్దె ఇంట్లో దిగింది. భర్త తోట దగ్గరే ఉండిపోయాడు. వారానికి ఒక్కరోజు, శనివారం, ఆయన వచ్చి కూతుర్ని కృష్ణగిరిలో ఫిజియోథెరపీ చేసే గంగక్క దగ్గరికి తీసుకుపోతాడు. గంగక్క వీపు తట్టి కఫం కదిలిస్తుంది. సాయంత్రం ఇంటికి తెచ్చి దింపుతాడు. ఇదీ ఏర్పాటు.

"మా పాప బేరిగైలో అడుగు పెట్టి రెండేండ్లయింది," అన్నది నళిని ఆ బెంచీ మీద.

ల్యాబులో బూజుల గుట్టు విప్పే నేత్ర ఆమె పక్కనే కూర్చుంది. బాగలూరు పిల్ల. కళ్లజోడు తీసి ఒళ్లో పెట్టుకుని నెమ్మదిగా చెప్పింది.

"నేను ఒట్టేసి చెప్పలేనక్కా. ఇదే అంకెలు ఇంకో ఊరి మట్టిలో కూడా ఉండొచ్చు. అయితే మీ ఇంటి దుమ్ము చూసినాను, స్కూలు చూసినాను, మిద్దె పైన మీ కుండీల మట్టి కూడా చూసినాను. యాడా లేదు. రెండేండ్ల కిందట పాప కఫంలో ఉండింది వేరే బూజు. ఈ ఆగస్టులో తీసిన దాంట్లో ఇది వచ్చింది. రోజాకు బూడిద తెగులు రాకుండా కొట్టే మందూ, పాప మింగే మాత్రా ఒకే కుదురువి అక్కా. ఆ మందు తాగి తాగి దిబ్బలో బూజు రాటుదేలిపోయింది. అందుకే మాత్రలు పని చేయడం లేదు."

మూడు నెలల్లో మధుమిత నాలుగు కిలోలు తగ్గింది. రెండు మెట్లు ఎక్కితే ఆగి గోడ పట్టుకుంటోంది. ఆ కారణం ఇప్పుడు కాగితం మీద ఉంది. కానీ దిబ్బ బేరిగైలో, బిడ్డ హోసూరులో. పైగా ఆ దిబ్బను ఎప్పుడో తీసేసి పొలంలో కలిపి దున్నేశానని మంజునాథ్ చెప్పి ఉన్నాడు. నేత్ర మట్టి కోసం వెళ్లిన రోజు ఆయన మార్కెట్టుకు పోయి ఉండబట్టి, అత్త మునిలక్ష్మమ్మ ఏమీ తెలియక ఆ పిల్లను నేరుగా దిబ్బ దగ్గరికే తీసుకుపోయింది.

నళిని ఆ కాగితాన్ని మడిచి చేతిసంచిలో పెట్టుకుంది. ఇంట్లో ఎవరికీ చూపించలేదు. శనివారం దాకా ఆగింది.

* * *

శనివారం తొమ్మిదింటికి మంజునాథ్ వ్యాన్ వీధి చివర ఆగింది. మధుమిత అప్పటికే తలుపు దగ్గర ఉంది. సంచిలో టవలు, నీళ్లసీసా, గంగక్క ప్రతి వారం సంతకం పెట్టే నోటుబుక్కు. మాస్కు ముక్కు మీదికి లాక్కుని, "వస్తానమ్మా," అని మెట్లు దిగింది.

"గంగక్కను అడిగినానని చెప్పు," అన్నది నళిని.

"చెప్తా."

ఒక్క క్షణం కూడా తడబడలేదు పిల్ల. నళినికి ఆ తడబాటు లేకపోవడమే తర్వాత చాలాసేపు గుర్తుండిపోయింది.

సిప్కాట్ పారిశ్రామికవాడలో ఆమె పనిచేసే కంపెనీకి సెలవు పెట్టేసింది. వ్యాన్ మలుపు తిరిగాక బస్టాండుకు నడిచి కృష్ణగిరి బస్సెక్కింది. పోయిన నెలలో నిండిపోయిన పాత నోటుబుక్కు ఆమె సంచిలో ఉంది.

గంగక్క ఇల్లు కృష్ణగిరి బస్టాండు వెనక సందులో. ముందు గదిలోనే వైద్యం. ఒక ముసలాయన మోకాలు చాపి కూర్చుని ఉన్నాడు. మధుమిత అక్కడ లేదు. వ్యాన్ నళిని బస్సు కంటే ముందే చేరి ఉండాలి.

"రామ్మా, రా. పాప ఎట్లుండాది?" అన్నది గంగక్క. ఆ ప్రశ్న విని నళిని గడప దగ్గరే ఆగింది.

"ఈ దినం రాలేదా అక్కా?"

గంగక్క ముసలాయన మోకాలి మీద నుంచి చేయి తీసింది. "ఈ దినమేమి? ఉగాది ముందర వచ్చింది. ఆ పైన రాలేదు. హోసూరులోనే ఇంకొకరి దగ్గర చూపిస్తా ఉండామని మంజునాథప్ప చెప్పినాడే. నీకు తెలుసనుకున్నాను."

నళిని నోటుబుక్కు తీసి ఇచ్చింది. గంగక్క కళ్లద్దాలు పెట్టుకుని ఒక్కో పేజీ తిప్పింది. ప్రతి శనివారం తేదీ, ఎంతసేపు తట్టారు, కఫం ఎంత వచ్చింది, కింద సంతకం.

"నాది మాదిరే ఉండాది. అయితే నాది కాదమ్మా. నేను కింద గీత గీయను."

"దసరాకు ఒబ్బట్లు పంపించినాను అక్కా. మీకని."

గంగక్క కళ్లద్దాలు తీసింది. నోటుబుక్కు మూసి, రెండు చేతులతో నళిని చేతిలో పెట్టింది. "నేనే ఒక ఫోన్ చేయాల్సింది," అన్నది. "నా తప్పు కూడా ఉండాదిలే."

* * *

సూళగిరిలో దిగి బేరిగై బస్సు కోసం నిలబడినంతసేపూ నళిని కోపాన్ని దగ్గరికి రానివ్వలేదు. ముందు గడిచిన శనివారాలు గుర్తొచ్చాయి. సాయంత్రం బిడ్డ ఇంటికి వచ్చేసరికి ముఖంలో కళ కనిపించేది. రాత్రి రెండు ముద్దలు ఎక్కువ తినేది. గంగక్క చేతి చలవ అనుకుని నళిని దేవుడికి ఒక దీపం ఎక్కువ పెట్టేది. ఒబ్బట్ల మాట అడిగితే, "గంగక్క మూడు తినింది, ఇంకా రెండు దాచుకునింది," అన్నది మధుమిత. మూడు, రెండు. ఆ లెక్క కూడా కల్పించి చెప్పింది. పదిహేనేళ్ల పిల్లకు అంత వివరంగా అబద్ధమాడడం ఎవరు నేర్పారు?

తోట ఊరికి అవతల, మాలూరు పోయే రోడ్డుకు ఆనుకుని ఉంది. రోజాలు పెంచే పాలీహౌస్ తెల్లటి ప్లాస్టిక్ కప్పు ఎండకు మెరుస్తోంది. దాని పక్కన పూలు కట్టలు కట్టే షెడ్డు. నళిని గేటు దాటి లోపలికి వస్తుంటే ముందు నవ్వు వినిపించింది. కూతురి నవ్వే. హోసూరు ఇంట్లో ఆమె ఆ నవ్వు విని ఎన్నాళ్లయిందో గుర్తు లేదు.

మధుమిత పొడవాటి బల్ల ముందు నిలబడి ఉంది. ముఖానికి మాస్కు లేదు. రోజా కాడలు పొడవు ప్రకారం ఏరి, కింది ఆకులు దూసి, ఇరవై పూలకు ఒక కట్ట కడుతోంది. పక్కన పీట మీద అవ్వ మునిలక్ష్మమ్మ. వాళ్ల వెనక, షెడ్డు గోడకు పది అడుగుల దూరంలో, నీలం టార్పాలిన్ కప్పిన దిబ్బ. టార్పాలిన్ ఒక మూల తొలగి ఉంది. అక్కడ కత్తిరించిన రోజా కొమ్మలు నల్లగా మురుగుతున్నాయి. సన్నగా ఆవిరి లేస్తోంది.

మునిలక్ష్మమ్మ ముందు చూసింది. "మంజూ," అని పాలీహౌస్ వైపు కేక వేసింది.

మంజునాథ్ చేతులు తుడుచుకుంటూ బయటికి వచ్చాడు. నళినిని చూసి ఆగిపోయాడు.

"కృష్ణగిరి ఇంత దగ్గరికి వచ్చేసిందని నాకు తెలీదు," అన్నది నళిని.

"చెప్పాలనే అనుకున్నాను."

"ఎప్పుడు? ముప్పై శనివారాలు దాటినాయి."

ఆమె కాగితం తీసి ఆయనకు ఇచ్చింది. ఆయన రెండు వరసలూ చూశాడు. కొనవేలు కింద పెట్టి ఒక్కో అంకె కలిపి చూసుకున్నాడు. పూల కాడల పొడవు కొలిచేటప్పుడు ఉండే జాగ్రత్తే ఇప్పుడూ ఉంది. చివరి దాకా వచ్చాక ముఖం మారింది.

"ఇది మన దిబ్బదా?"

"మన దిబ్బ యాడుంది? దున్నేసినాను అన్నారే."

"షెడ్డు పక్కన ఉండిందాన్ని తీసినాను. తీసి వెనక వేసినాను." ఆయన గొంతు తగ్గింది. "ఎరువు లేకుండా రోజా యాడొస్తుంది నళినీ? టార్పాలిన్ కప్పితే చాలనుకున్నాను. కింద ఇంకేమో రాసుండారు చూడు. వేరే చోట్ల కూడా ఇది ఉండొచ్చని."

"ఉండొచ్చు. దీన్ని పట్టుకుని మీ మీద కేసు పెట్టలేను. అయితే ఈ కాగితం తప్పే అనుకుందాం, గంగక్క అబద్ధం చెప్తుందా? ఉగాది నుంచి వారం వారం బిడ్డను నా చేతుల్లో నుంచి తీసుకుని, ఇదో, ఈ ఆవిరిలోకి తెచ్చి నిలబెట్టినావు. సాయంత్రం నా ఇంటి ముందర దింపి, గంగక్క బాగా చేసింది అని చెప్పి పోయినావు. ఎట్ల చెప్పినావు?"

పద్దెనిమిదేళ్ల కాపురంలో ఆమె భర్తను 'నువ్వు' అనడం అదే మొదటిసారి. మునిలక్ష్మమ్మ పీట మీద నుంచి లేచి నిలబడింది.

"నాయనను అనొద్దమ్మా," అన్నది మధుమిత. చేతిలో కట్ట ఇంకా ఉంది. "నేనే అడిగినాను తీసుకుపొమ్మని. సంతకాలు నేనే పెట్టినాను. నాయనకు ఆ సంగతే తెలీదు."

నళిని కూతురి వైపు తిరిగింది. భర్త చేసినదాని కంటే ఈ మాట లోతుగా గుచ్చుకుంది.

"నువ్వా?"

"ఆరు దినాలు నేను రోగినేనమ్మా. కిటికీలు మూసుంటాయి. నేను దగ్గితే నువ్వు వంటింట్లో నుంచి ఎన్నిసార్లని లెక్క పెడతా ఉంటావు. నాకు తెలుసు. ఈడికి వస్తే నాకు పనుంటుంది. నేను కట్టిన కట్టలు బెంగళూరు పోతాయి. అవ్వ నన్ను తిడుతుంది కూడా, కాడ వంకరగా పెట్టినావని. నన్ను ఎవరూ తిట్టరమ్మా, నీకు తెలుసా? టీచర్లు కూడా తిట్టరు." పిల్ల ఊపిరి అందక ఆగింది. "వీపు తట్టడం నాయన నేర్చుకున్నాడు. ఒక్క వారం కూడా మానలేదు."

"గంగక్క ఒబ్బట్లు మూడు తినిందని చెప్పినావు నాకు."

మధుమిత తల వంచుకుంది.

"నా మొహం చూసి చెప్పినావు," అన్నది నళిని. "నేను మీ ఇద్దరినీ నమ్ముకునే ఆరు దినాలు గడిపినాను. పెద్ద డాక్టరు అంత చెప్పి పంపిస్తే, ఆ మాట కోసం ఇల్లు వదిలి, అందరినీ వదిలి..."

"డాక్టరు ఏమి చెప్పినాడు?" అన్నాడు మంజునాథ్.

ఆయన గొంతు పెంచలేదు. కానీ నళిని మాట అక్కడే తెగిపోయింది.

"చెప్పు నళినీ. నీతో ఏమి చెప్పినాడు ఆయప్ప?"

పాలీహౌస్ లోపల నీళ్ల పైపు ఎక్కడో కారుతోంది.

"ఉగాది ముందర నేనొక్కడినే బెంగళూరు పోయినాను. బిడ్డను ఇంటికి ఎప్పుడు తెచ్చుకోవచ్చు సార్ అని అడిగే దానికి. ఆయప్ప నన్ను వింతగా చూసినాడు. ఇల్లు వదలమని నేనెప్పుడు చెప్పినాను అన్నాడు. దిబ్బ తీసేయండి, పిల్లను పాలీహౌస్ లోపలికి పోనివ్వొద్దండి, అంతే మీ ఇంటామెకు చెప్పినాను అన్నాడు." ఆయన కాగితాన్ని బల్ల మీద పెట్టాడు. "నేను అబద్ధం చెప్పింది ఎనిమిది నెలలు. నువ్వు చెప్పింది రెండేండ్లు."

నళిని కాదనలేదు.

"దిబ్బ తీస్తే చాలన్నారు. అవును. మీరు తీయరని నాకు తెలుసు. తీసినారా?"

ఆయన తొలగిన టార్పాలిన్ వైపు చూశాడు.

"గోకుల్ పోయినాక ఈ ఊరు వద్దని మీ కాళ్లు పట్టుకున్నాను. మీరు పాలీహౌస్ వేసినారు. ఆ గదిలో నేను ఇంకో బిడ్డను పండుకోబెట్టి దాని ఊపిరి వింటా కూర్చోలేను. నేను చెప్తే మీరు వినరు. డాక్టరు చెప్పినాడంటే విన్నారు. అంతే."

"నాకు చెప్పి ఉంటే..."

"మీకు తెలిసినాక మీరు నన్ను అడిగినారా? ఉగాది నుంచి ఎందుకు అడగలేదు?"

మంజునాథ్ అన్నాడు. "అడిగితే శనివారాలు కూడా తీసేస్తావని భయం. నాకు వారంలో ఉండింది ఆ ఒక్క దినమే."

ఈ మాటలన్నీ అయ్యేదాకా ఇద్దరూ కూతురిని మరిచిపోయారు. మధుమిత చేతిలోని కట్ట బల్ల మీద పెట్టింది.

"డాక్టరు చెప్పలేదా?" అన్నది.

నళిని దగ్గరికి రాబోతే పిల్ల వెనక్కి జరిగింది.

"రెండేండ్లు నా వల్లే మీరు విడిగా ఉండారనుకున్నాను. నాకు ఈ రోగం లేకపోతే అవ్వా, నాయనా, నువ్వూ ఒక ఇంట్లో ఉంటారు గదా అని. దినమూ అనుకున్నాను. రాత్రి పండుకునేటప్పుడు అనుకున్నాను." పిల్ల కళ్లలో నీళ్లు లేవు. "నీ ఫోన్ ఇయ్యమ్మా."

"ఎందుకు?"

"నేత్రక్క నెంబరు నీ దాంట్లో ఉంది."

నళిని ఇచ్చింది. మధుమిత నెంబరు నొక్కి, అందరికీ వినబడేలా స్పీకర్ పెట్టింది.

"అక్కా, నేను మధుమిత. నా కఫంలో ఏముందో అమ్మకు చెప్పినారంట. నాకు చెప్పండి."

అవతల నుంచి నేత్ర అడిగింది. "అమ్మ పక్కన ఉండారా?"

"ఉండారు. నాయన కూడా ఉండాడు. అయినా నాకే చెప్పండి. కఫం నాది గదా అక్కా."

నేత్ర చెప్పింది. సంవత్సరం నుంచి మింగుతున్న మాత్ర ఇక ఆపేయాలి, దానికి ఈ బూజు లొంగదు. వేరే మందు ఉంది, నరానికి ఎక్కించాలి. మూడు వారాలు ఆసుపత్రిలో విడి గదిలో ఉండాలి. కిడ్నీల మీద ఒక కన్నేసి ఉంచాలి. పెద్ద డాక్టరు సోమవారమే చేరమంటున్నారు, ఇంకా ఆలస్యం చేస్తే ఊపిరితిత్తుల్లో మచ్చ పడి అట్లే ఉండిపోతుంది.

"తగ్గుతుందా?"

"తగ్గించొచ్చు. పూర్తిగా పోతుందని చెప్పను. నీకు అబద్ధం చెప్పను."

"మీరొక్కరే అక్కా," అన్నది మధుమిత.

"విడి గదిలో నీ వెంట ఒక్కరే ఉండొచ్చు. మూడు వారాలూ వాళ్లే ఉండాల, మారకూడదు. ఎవరొస్తారు? పేరు రాసుకోవాల."

మధుమిత తల్లిని చూసింది. తండ్రిని చూసింది. ఇద్దరూ ఒకేసారి నోరు తెరిచారు.

"ఇంకా అనుకోలేదక్కా. చెప్తాను," అని ఫోన్ ఆపి తల్లి చేతిలో పెట్టింది. తర్వాత దగ్గు వచ్చింది. వంగి, మోకాళ్లు పట్టుకుని, రెండు నిమిషాలు దగ్గింది. తండ్రి వీపు తట్టడానికి వచ్చాడు. తల్లి టవలుతో వచ్చింది. పిల్ల ఇద్దరినీ చేయి అడ్డం పెట్టి ఆపింది.

"నేను హోసూరుకు పోతాను. బస్సుకు. నా వెంట ఎవరూ రావొద్దు."

సంచి భుజాన వేసుకుని గేటు వైపు నడిచింది. మునిలక్ష్మమ్మ మాత్రం చెప్పులు వేసుకుని మనవరాలి వెనకాలే పోయింది.

ఇద్దరూ వెంటనే కదిలి ఉండవలసింది. కదల్లేదు. "చూసినావా, నీ మాట వల్ల," అన్నాడు మంజునాథ్. "నా మాటా? ఆ దిబ్బ ఎవరిది?" అన్నది నళిని. రెండేళ్లుగా దాచుకున్నవన్నీ ఆ షెడ్డులో, పూల కట్టల మధ్య బయటికి వచ్చాయి. రోడ్డు మీద హారను వినిపించింది. బస్సు ఆగిన చప్పుడు, మళ్లీ కదిలిన చప్పుడు.

మునిలక్ష్మమ్మ గేటు దగ్గర నుంచి ఆయాసపడుతూ వచ్చింది.

"పట్టుకోను కాలేదు మంజూ. ఎక్కేసింది."

"పోనీలే. హోసూరులో దిగుతుంది. నేను వ్యాన్‌లో పోతాను."

"హోసూరు బస్సు కాదురా అది. మాలూరు పోయేది. నేను కేక వేసి చెప్పినాను. తెలుసవ్వా అనింది."

మాలూరులో వాళ్లకు ఎవరూ లేరు. మంజునాథ్ భార్యను చూశాడు; నీకేమైనా తెలుసా అన్నట్టు. ఆమె తల అడ్డంగా ఊపి, కూతురి నెంబరు నొక్కింది.

ఫోన్ మోగింది. షెడ్డులోనే మోగింది. బల్ల మీద, దూసి పడేసిన రోజా ఆకుల కింద. నళిని ఆకులు పక్కకు తోసి దాన్ని చేతిలోకి తీసుకుంది. తెర మీద వెలుగుతున్నది తన నెంబరే. పైన పేరు మాత్రం 'అమ్మ' అని లేదు.

'వార్డెన్' అని ఉంది.